ఇంటిల్లిపాదీ పట్టే బండి: కొత్తదా, పాతదా, ఏ రాష్ట్రం నంబరుది?

మన ఇళ్లలో పెద్ద బండి కొనాలన్న మాట ఎక్కువగా ఏదో పెళ్లికి వెళ్లొచ్చాకే వస్తుంది. హోసూరు నుంచి చిత్తూరుకో, బరంపురం నుంచి శ్రీకాకుళానికో, షోలాపూరు నుంచి హైదరాబాదుకో రెండు చిన్న కార్లలో బయలుదేరతాం. ఒకటి ముందు పోతుంది, ఒకటి వెనకబడుతుంది. టోల్‌గేటు దగ్గర ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఏ కారులో కూర్చోవాలన్నదాని మీద చిన్న తగువు కూడా అవుతుంది. ఇంటికొచ్చాక "ఏడుగురం ఒకే బండిలో వెళ్లేలా ఏదైనా చూద్దాం" అని తీర్మానం చేస్తారు.

అప్పుడు అందరూ అడిగే ప్రశ్న "ఏ బండి మంచిది?" అనే. మా దృష్టిలో అది మూడో ప్రశ్న. మొదటిది, వెనక వరసలో ఎవరు కూర్చుంటారు? రెండోది, బండి ఏ రాష్ట్రంలో రిజిస్టరు అవుతుంది, ఏ రాష్ట్రంలో ఉంటుంది? ఇంటి అడ్రసు ఒక రాష్ట్రంలో, బంధువర్గం ఇంకో రాష్ట్రంలో ఉన్న మనలాంటి కుటుంబాలకు ఈ రెండో ప్రశ్న మిగతావాళ్లకంటే బరువైనది. ఈ రెండూ తేలితే బండి పేరు సగం తేలినట్టే.

వెనక వరసలో ఎవరు?

మన దేశంలో మూడు వరసల సీట్లున్న బండినే జనం పెద్ద ఎస్‌యూవీ అంటున్నారు. మహీంద్రా స్కార్పియో-ఎన్, ఎక్స్‌యూవీ700, టాటా సఫారీ, టయోటా ఫార్చూనర్ ఈ కోవలోవి. ఇన్నోవాను కంపెనీ ఎస్‌యూవీ అని అమ్మలేదు. అయినా మన ఇళ్లలో పోలిక ఎప్పుడూ ఇన్నోవాతోనే కాబట్టి దాన్నీ ఇక్కడ కలుపుతున్నాం.

వీటి నిర్మాణం రెండు రకాలు. స్కార్పియో-ఎన్, ఫార్చూనర్, ఇన్నోవా క్రిస్టా ల్యాడర్ ఫ్రేమ్ మీద కట్టినవి. అంటే కింద లారీకి ఉన్నట్టు ఇనుప చట్రం, దాని మీద బాడీ. గతుకుల రోడ్లకు, బరువుకు గట్టివి. కానీ లోపల నేల ఎత్తుగా ఉంటుంది, ఎక్కడం కష్టం. వెనక సీట్లో పెద్దవాళ్లు మోకాళ్లు పైకెత్తి కూర్చోవాల్సి వస్తుంది. ఎక్స్‌యూవీ700, సఫారీ, ఇన్నోవా హైక్రాస్, హ్యుందాయ్ అల్కజార్ మోనోకాక్ బండ్లు, అంటే మామూలు కారులా బాడీ, చట్రం ఒకటే. హైవే మీద కుదుపు తక్కువ. కొండ దారిలో ఊగడం తక్కువ కాబట్టి వెనక కూర్చున్న పిల్లలకు వాంతుల బాధ కూడా కొంత తగ్గుతుంది.

గతుకుల మట్టిరోడ్డు మీద రోజూ తిరిగే పొలం ఉన్న కుటుంబమైతే తప్ప, ఎక్కువ ప్రయాణం జాతీయ రహదారి మీదే అయినవాళ్లకు మోనోకాక్ బండే మేలని మా అభిప్రాయం. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ కోసం అదనంగా లక్షలు పెట్టే ముందు, గత అయిదేళ్లలో అది అవసరమైన రోజులెన్నో లెక్కపెట్టుకోండి.

షోరూముకు వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లనూ తీసుకెళ్లండి. డ్రైవింగ్ సీట్లో కూర్చుని స్టీరింగ్ తిప్పి చూసేది ఎప్పుడూ కొడుకే. మూడు వందల కిలోమీటర్లు వెనక కూర్చునేది వేరేవాళ్లు. అమ్మమ్మ చేయి పట్టుకోకుండా ఎక్కగలదా? చీర కట్టుకున్న మనిషి మూడో వరసలోకి ఎలా వెళ్తుంది? రెండో వరసలో విడివిడిగా ఉండే కెప్టెన్ సీట్లయితే మధ్య నుంచి వెళ్లొచ్చు. బెంచీ సీటయితే దాన్ని మడిచి, పక్క తలుపు నుంచి దూరాలి. మూడో వరసలో కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. ఏసీ గాలి అక్కడిదాకా వస్తోందా, తల పైకప్పుకు తగులుతోందా అన్నవి రెండు నిమిషాల్లో తెలియవు.

భద్రత విషయంలో మేము అడగమనేది ఒకే ప్రశ్న: చివరి వరసలో కూర్చున్నవాళ్లకు ఏముంది? భుజం మీదుగా వచ్చే మూడు బిందువుల సీటు బెల్టు ప్రతి సీటుకూ ఉండాలి. పక్కనుంచి తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగు మూడో వరసదాకా వస్తుందో లేదో వేరియంటు వారీగా అడగాలి. ఒకే పేరున్న బండిలో కింది వేరియంటుకు, పై వేరియంటుకు తేడాలుంటాయి. 2023 అక్టోబరు నుంచి మన దేశానికే భారత్ ఎన్‌క్యాప్ అనే క్రాష్ పరీక్ష ఉంది. సఫారీ, హైక్రాస్ అందులో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. ఎక్స్‌యూవీ700, స్కార్పియో-ఎన్ అంతకుముందే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో అయిదు తెచ్చుకున్నాయి. పాత స్కార్పియోల్లో వెనక పక్కవాటుగా, ఎదురెదురుగా ఉండే సీట్లు కొన్నిట్లో కనిపిస్తాయి. వాటిలో పిల్లల్ని కూర్చోబెట్టి హైవే ఎక్కకండి.

ఇక డిక్కీ. మూడు వరసలూ లేపి ఉంచితే చాలా బండ్లలో మిగిలేది రెండు సంచుల జాగా. అల్కజార్‌లో కంపెనీ లెక్కే 180 లీటర్లు. ఊరి నుంచి తిరుగు ప్రయాణంలో బియ్యం మూట, మామిడిపండ్ల బుట్ట, ఆవకాయ జాడీ లేకుండా వచ్చే ఇల్లు మనలో ఎక్కడుంది? ఈ ఒక్క విషయంలో ఇన్నోవా ఇప్పటికీ మిగతావాటికంటే ముందుంది. సామాను పైన క్యారియరు మీద కట్టొచ్చు గానీ, అంత ఎత్తు బండికి పైన బరువు పెరిగితే మలుపుల్లో పక్కకు ఒరిగే ప్రమాదం పెరుగుతుంది.

ఇంటి గేటు కూడా కొలుచుకోండి. స్కార్పియో-ఎన్ వెడల్పు 1917 మిల్లీమీటర్లు, అదీ అద్దాలు కాకుండా. పాత పేటల్లోని మన ఇళ్ల సందులకు ఇది చిన్న విషయం కాదు.

కొత్త బండి: పన్నుల లెక్క

2025 సెప్టెంబరు 22 దాకా నాలుగు మీటర్ల పైన పొడవు, 1500 సీసీ పైన ఇంజను ఉన్న పెద్ద ఎస్‌యూవీకి 28 శాతం జీఎస్‌టీ, దాని మీద 22 శాతం సెస్సు కలిపి 50 శాతం ఉండేది. ఆ రోజు నుంచి సెస్సు పోయి 40 శాతం అయింది. పాత బండి కొనేవాళ్లకూ ఇది ముఖ్యమే. "నేను 2024లో ఇంత పెట్టి కొన్నాను" అని అమ్మేవాళ్లు చెప్పే అంకె మీకు అక్కర్లేదు. ఆ బండికి ఈ రోజు కొత్తది ఎంతకు వస్తుందో చూసి, అక్కడి నుంచి బేరం మొదలుపెట్టండి.

రాష్ట్రం వేసే లైఫ్ ట్యాక్స్ దగ్గర అసలు తేడా వస్తుంది. కర్ణాటకలో 10 నుంచి 20 లక్షల మధ్య బండికి 17 శాతం, 20 లక్షలు దాటితే 18 శాతం, ఆ పన్ను మీద మళ్లీ సెస్సు. తమిళనాడులో 2023 నవంబరు నుంచి ఇవే తరగతులకు 18, 20 శాతం. మహారాష్ట్రలో ఇంధనాన్ని బట్టి మారుతుంది: 10 నుంచి 20 లక్షల మధ్య పెట్రోలుకు 12, డీజిలుకు 14, 20 దాటితే పెట్రోలుకు 13, డీజిలుకు 15. అంటే 22 లక్షల డీజిలు బండికి తమిళనాడులో 4 లక్షల 40 వేలు, మహారాష్ట్రలో 3 లక్షల 30 వేలు. ఈ రేట్లు బడ్జెట్లలో మారుతుంటాయి కాబట్టి కొనే వారంలో మళ్లీ చూసుకోండి.

ఈ తేడా చూసి "పక్క రాష్ట్రంలో మా బావగారి అడ్రసు మీద కొంటే పోలా" అనే ఆలోచన అందరికీ వస్తుంది. దాని సంగతి తర్వాత చెప్తాం.

పిల్లల ఉద్యోగాలు రాష్ట్రాలు మారే ఇళ్లకు బీహెచ్ సిరీస్ నంబరు ఒక దారి. 2021 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, సైన్యంలో ఉన్నవాళ్లకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు ఇస్తారు. పన్ను పదిహేనేళ్లకు ఒకేసారి కాకుండా రెండేళ్లకొకసారి కట్టాలి. రాష్ట్రం మారినప్పుడు నంబరు మార్చుకోనక్కర్లేదు. వ్యాపారం చేసుకునేవాళ్లకు, రైతులకు ఇది వర్తించదు, అంటే మన ఇళ్లలో చాలామందికి వర్తించదు.

డీజిలా, పెట్రోలా అన్నదానికి మా జవాబు పొట్టిది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది వేడెక్కి శుభ్రపడాలంటే అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. రోజూ స్కూలుకి, బజారుకి మూడేసి కిలోమీటర్లు తిరిగే బండిలో అది మూసుకుపోయి ఖర్చు తెస్తుంది. నెలకు రెండు మూడు సార్లు ఊరికి వెళ్లేవాళ్లకే డీజిలు. తక్కిన వాళ్లకు పెట్రోలు, లేదా డబ్బుంటే హైబ్రిడ్.

పాత బండి: ముందు కాగితాలు

మాకు బాగా తెలిసిన హోసూరు కుటుంబం ఒకటి మూడేళ్ల కిందట పాత క్రిస్టా కొన్నది. తమిళనాడు నంబరు బండికంటే నలభై కిలోమీటర్ల అవతల బెంగళూరులో దొరికిన కర్ణాటక నంబరు బండి లక్షా ఇరవై వేలు చవక. బండి నిజంగానే బాగుంది. డబ్బు మొత్తం ఇచ్చేశారు, బండి ఇంటికొచ్చింది, నిమ్మకాయలు తొక్కించారు. నంబరు మార్చుకుందామని వెళ్తే, అమ్మినాయన అప్పు తీర్చాడు గానీ ఆర్‌సీలో ఫైనాన్సు సంస్థ పేరు అలాగే ఉంది. అది తీస్తే గానీ ఎన్‌ఓసీ రాదు. ఆ సంస్థ శాఖ వేరే ఊరికి మారిపోయింది. కాగితం చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా పాత చలాన్లు బయటపడ్డాయి. చివరికి తమిళనాడులో మళ్లీ పన్ను కట్టారు, కర్ణాటకలో కట్టిన పన్ను వెనక్కి రావడానికి వేరే అర్జీ పెట్టి తిరిగారు. మిగిలిందనుకున్న లక్షా ఇరవై వేలు ఎప్పుడో కరిగిపోయాయి. అన్నిటికీ మించి, ఏ పెళ్లి కోసమైతే బండి కొన్నారో ఆ పెళ్లికి వ్యాను అద్దెకు తీసుకుని వెళ్లారు.

అందుకే మేము చెప్పే వరస ఇది. మొదట పరివాహన్ సైటులోనో, ఎంపరివాహన్ యాప్‌లోనో నంబరు కొట్టి చూడండి. ఎన్నో యజమాని, ఫైనాన్సు ఉందా, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, అన్నీ తెలుస్తాయి. చలాన్లు విడిగా చూడాలి. ఫైనాన్సు కనిపిస్తే, ఫారం 35 ఇచ్చి ఆ పేరు ఆర్‌సీ నుంచి తీయించాకే బయానా మించి డబ్బివ్వండి. పక్క రాష్ట్రం బండి అయితే ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చే పని అమ్మేవాళ్లది. దాన్ని ఒప్పంద కాగితంలో రాయించండి. యాజమాన్యం మార్చడానికి ఫారం 29, ఫారం 30 కావాలి. అమ్మినవాళ్లు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో ఆర్‌టీఓకు తెలపాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి.

మన ఇళ్లలోని ఇంకో ఇబ్బంది గురించి ఎవరూ రాయరు. అమ్మకపు ఒప్పందం స్టాంపు కాగితం మీద తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటుంది. మాట్లాడటం మనకు నీళ్ల ప్రాయం, చదవడం దగ్గరికొచ్చేసరికి కొందరు పెద్దవాళ్లు తడబడతారు, అడగడానికి మొహమాటపడతారు. బడికి వెళ్లే మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి వాక్యం చదివించుకోండి. తప్పేమీ లేదు.

మీరు పాత బండి అమ్మేటప్పుడూ ఇంతే జాగ్రత్త కావాలి. ఆర్‌సీలో పేరు మారనంత కాలం, కొన్నవాడు చేసిన ప్రమాదానికి పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చింది. "మనవాడే కదా" అని మేనల్లుడికి బండి ఇచ్చి పేరు మార్చకుండా వదిలేసిన ఇళ్లు మనలో చాలానే ఉన్నాయి. బండి యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్చుకోవాలి.

ఢిల్లీ నుంచి వచ్చే డీజిలు బండ్లు ఇంత చవకెందుకని అడుగుతుంటారు. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిలు బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కోర్టులో కొన్ని సడలింపులు వచ్చాయి గానీ, ఆ భయంతో దక్షిణాదికి తరలిన బండ్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. రిజిస్ట్రేషను ఆయుష్షు మొదట రిజిస్టరైన రోజు నుంచి పదిహేనేళ్లు. తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. తొమ్మిదేళ్ల బండి తెచ్చి, ఇక్కడ మళ్లీ పన్ను కట్టి, మిగిలిన ఆరేళ్లకు లెక్క వేస్తే చవకదనం ఎంత మిగులుతుందో చూసుకోండి.

బండిలో చూడాల్సినవి

ఇన్నోవా కొనేవాళ్లు ముందు అడగాల్సింది, ఇది ఎప్పుడైనా పసుపు బోర్డు బండిగా తిరిగిందా అని. ట్యాక్సీగా నడిచి తర్వాత తెల్ల బోర్డుకు మారిన ఇన్నోవాలు సంతలో చాలా ఉన్నాయి. అది నేరం కాదు, కానీ మీటరులో కనిపించే ఎనభై వేల కిలోమీటర్లను మాత్రం నమ్మలేం. స్టీరింగ్ తోలు, బ్రేకు పెడల్ రబ్బరు, డ్రైవరు సీటు అంచు అరిగిన తీరు మీటరుకంటే నిజం చెప్తాయి. కంపెనీ సర్వీసు సెంటరులో నంబరు ఇచ్చి పాత సర్వీసు వివరాలు అడగండి. టైరు పక్కన ఒక చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. ఇరవై వేలే తిరిగిందన్న బండికి నాలుగూ కొత్త టైర్లుంటే ఎందుకో అడగాలి.

వరదలో మునిగిన బండి మనకున్న పెద్ద గండం. 2015, 2023 డిసెంబరుల్లో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2022 సెప్టెంబరులో బెంగళూరు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ, ఇవన్నీ మనం బండ్లు కొనే ఊళ్లే. మునిగిన బండిని కడిగి, సీట్లు మార్చి, అత్తరు కొట్టి వేరే రాష్ట్రంలో అమ్ముతారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో మట్టి గీత ఉంటే అది చాలు. సీటు కింది బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, హెడ్‌లైటు లోపల చెమ్మ కూడా చూడండి. ఏసీ వేసిన మొదటి నిమిషంలో వచ్చే ముక్క వాసనను అత్తరు పూర్తిగా దాచలేదు. ఇంజను బాగుచేసినా, నీళ్లు తాగిన వైరింగు ఏడాది తర్వాత ఒక్కొక్కటిగా మొరాయిస్తుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే, అంటే పొద్దున్నే వెళ్లి స్టార్టు చేయండి. "మీరు వస్తారని వేడి చేసి పెట్టాను" అంటే ఇంకో రోజు వెళ్లండి. నల్లటి పొగ, నీలం పొగ రెండూ మంచివి కావు. పాత ఇన్నోవాల్లో టైమింగ్ బెల్టు సర్వీసు పుస్తకం చెప్పిన సమయానికి మార్చారో లేదో బిల్లు చూడండి. బయటి మెకానిక్‌కు రెండు మూడు వేలిచ్చి బండిని లిఫ్టు మీద ఎక్కించి కింద నుంచి చూపిస్తే అంతకు పదింతలు మిగలొచ్చు.

వెళ్లిపోయిన కంపెనీల బండ్లు చవకగా ఊరిస్తాయి. ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఎండీవర్ మంచి బండే, ఇప్పటికీ దాన్ని ప్రేమించేవాళ్లున్నారు. కానీ రాయగడలోనో, బళ్లారిలోనో ఉండేవాళ్లు ఒక సెన్సర్ కోసం పెద్ద నగరానికి పరిగెత్తాల్సి వస్తుంది. మీ ఊళ్లో ఎవరు బాగుచేయగలరో చూసుకుని కొనండి.

యానాం, పీవై-04

యానాం పాఠకుల పరిస్థితి వేరు. పుదుచ్చేరి పన్ను చుట్టూ ఉన్న ఆంధ్రకంటే చాలా తక్కువ. ఊరి పొలిమేర దాటితే ఆంధ్రే కాబట్టి బండి తిరిగేదంతా ఆంధ్ర రోడ్ల మీదే. నిజంగా యానాంలో కాపురమున్నవాళ్లకు దీంతో చిక్కేమీ లేదు. చిక్కల్లా యానాం బంధువు అడ్రసు మీద కొని కాకినాడలోనో, రాజమండ్రిలోనో పెట్టుకునేవాళ్లకు. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. కొన్ని రాష్ట్రాల పన్ను చట్టాలు ఆ గడువుకు ముందే పన్ను అడుగుతాయి. 2017లో కేరళలో పుదుచ్చేరి దొంగ అడ్రసుల మీద కొన్న ఖరీదైన కార్ల వ్యవహారం కేసులదాకా వెళ్లింది. పన్ను మిగులుతుందని మొదలుపెట్టిన పని అడ్రసు ఇచ్చిన బంధువు మెడకు చుట్టుకుంటుంది. పైన బావగారి అడ్రసు గురించి మేము అట్టే పెట్టిన మాట కూడా ఇదే.

ఇన్సూరెన్సు

1500 సీసీ దాటిన ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేట్ల ప్రకారం ఏడాదికి 7,897 రూపాయలు. 1000 నుంచి 1500 సీసీ లోపు అయితే 3,416. చిన్న కారు నుంచి పెద్దదానికి మారేటప్పుడు ఈ తేడా ఏటా ఉంటుంది. పాత బండి కొంటే థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటు మీకు వస్తుంది గానీ, సొంత బండికి జరిగే నష్టం తాలూకు రక్షణ మీ పేరు మీదకు మార్చుకుంటేనే పనికొస్తుంది. పద్నాలుగు రోజుల్లో కంపెనీకి రాయండి. క్లెయిము చేయనందుకు ఇచ్చే తగ్గింపు అమ్మినాయన సొంతం, బండితో రాదు. మీ పాత కారు మీద మీకు తగ్గింపు ఉంటే, దాన్ని అమ్మేటప్పుడు ఆ కాగితం తీసి ఉంచుకుని కొత్తదానికి వాడుకోవచ్చు. అయిదేళ్లు క్లెయిము లేకపోతే అది 50 శాతం దాకా ఉంటుంది.

బండి చేతికి తీసుకునే రోజు ఇరువైపులా సంతకాలతో ఒక కాగితం రాసుకోండి. తేదీ, గంట, మీటరులో ఉన్న కిలోమీటర్లు, తీసుకున్న తాళంచెవులు ఎన్ని అన్నవి అందులో ఉండాలి. ఆ గంటకు ముందు పడిన చలాను ఆయనది, తర్వాతిది మీది.